కాప్రా దాకా ట్రయల్

జూన్ 2, సోమవారం

షెడ్డుకు రిపేరుకు మూడు కార్లు వచ్చాయి. ఒకదానికి సెల్ఫ్ మోటారు, ఒకదానికి హెడ్‌లైటు వైరింగు. మూడోది రెండేళ్ళ కొత్త బండి. మీటరులో పసుపు దీపం వెలిగి ఆరడం లేదు. స్కానర్ తగిలిస్తే కంపెనీ పాస్‌వర్డ్ అడిగింది. నా దగ్గర ఎక్కడిది? షోరూముకు తీసుకెళ్ళమని చెప్పి పంపేశాను. ఈ ఏడాది ఇలా పంపడం ఎక్కువైంది. పాత బండ్లు తగ్గుతున్నాయి, కొత్తవి నోరు విప్పడం లేదు.

సాయంత్రం సెల్ఫ్ మోటారు వేసిన బండిని ట్రయల్‌కు తీశాను. మా ఆవిడ ఊర్మిళ పక్క సీట్లో ఎక్కింది. లాలాపేట బ్రిడ్జి, మౌలాలి, ఈసీఐఎల్, కాప్రా చెరువు గట్టు. అక్కడ ఇంజిన్ ఆపాలి. వేడి మీద స్టార్ట్ కావడం వేరు, చల్లారాక కావడం వేరు. చల్లారేదాకా ఆగకపోతే అది ట్రయలే కాదు. ఆ కాసేపూ ఊర్మిళ తన దగ్గర జాకెట్లు కుట్టించుకునే వాళ్ళ సంగతులు చెప్పింది. ఒకావిడ కొలతకు ఇచ్చిన జాకెట్టు ఆమెది కాదట, చెల్లెలిదట. నవ్వి నవ్వి నాకు దగ్గు వచ్చింది. నేనూ ఏదో చెప్పాను. బండి బాగానే స్టార్ట్ అయింది.

జూన్ 3, మంగళవారం

హెడ్‌లైటు బండి అయిపోయింది. ట్రయల్, కాప్రా దాకా.

పక్క షెడ్డులో డెంటింగ్ చేసే కిషన్ అడ్డం వచ్చాడు. "హెడ్‌లైటుకు కాప్రా ఎందుకన్నా? గోడ మీద కొడ్తే తెల్వదా?"

"చీకటి కావాలె."

"వదిన సుత కావాల్నా?"

బండి చప్పుడు ఎడమ నుంచి వస్తోందా కుడి నుంచి వస్తోందా చెప్పడానికి పక్క సీట్లో ఒక మనిషి ఉండాలి. ఈ మాట కిషన్‌కు చెప్పలేదు. హెడ్‌లైటు చప్పుడు చేయదు కదా అంటాడు.

జూన్ 9, సోమవారం

సోపతి అనే కంపెనీ నుంచి ఒక అమ్మాయి వచ్చింది. పేరు ప్రిసిల్లా. మారేడుపల్లిలో ఉంటుందట. కిషన్ పంపించాడు. నా షెడ్డును తమ కంపెనీలో చేర్చుకుంటానంది. సంచిలోంచి అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద పెట్టె తీసింది. స్టీరింగ్ కింద సాకెట్లో గుచ్చితే చాలట. లోపల సిమ్ ఉంది. బండి ఎక్కడుంది, ఎంత వేగంతో పోతోంది, బ్రేకు ఎలా తొక్కారు, ఇంజిన్‌కు ఏం జబ్బు, అన్నీ ఓనరు ఫోనుకు పోతాయి.

"పెట్టె ఎంత?" అని అడిగాను.

"ఫ్రీ అంకుల్."

"నెలకు?"

"అది సుత ఫ్రీ."

"మరి మీ కంపెనీ ఎట్ల బతుకుతది?"

ఈ ప్రశ్న ఎవరైనా అడుగుతారని ఎదురుచూస్తున్నట్టుంది. ఆగి ఉన్న బండి బానెట్ మీది దుమ్ములో వేలితో ఒక సున్నా చుట్టింది. బండి ఓనరు. దాని చుట్టూ ఇంకో ఐదారు సున్నాలు.

"ఇన్సూరెన్సోళ్ళు మాకిస్తరు. ఎవరు మంచిగ నడుపుతున్నరో తెలిస్తే వాళ్ళకు లాభం కదా. లోన్ ఇచ్చినోళ్ళు ఇస్తరు, బండి ఎక్కడుందో తెలుస్తది. టాక్సీలు తిప్పెటోళ్ళు ఇస్తరు, డ్రైవర్ ఎటు పోయిండో చూస్కోనీకి. ఏ పార్టు ఎన్ని రోజులకు పోతుందో కార్ల కంపెనీలకు కావాలె. ఇగ మీరిస్తరు అంకుల్."

"నేనా?"

"మేం పంపిన బండికి కొంచెం. కానీ మీకు లాగిన్ ఇస్తున్నం కదా. కొత్త బండ్లు సుత మీ స్కానర్‌ల ఓపెన్ అయితై."

కిషన్ చేతిలో సుత్తి పట్టుకుని బానెట్ మీదికి వంగి చూశాడు. సున్నాల మధ్య బాణాలన్నీ నడిమి సున్నాలోంచి బయటికే పోతున్నాయి.

"పిల్లా, ఈ నడిమిట్లోడు బండి కొన్నడా, బండే ఆయనను కొన్నదా?"

ఆ అమ్మాయి గట్టిగా నవ్వింది. "మస్తు చెప్పినరు అంకుల్. మా ఆఫీసుల చెప్తా."

పోయే ముందు ఇంకోటి చెప్పింది. బండి నా దగ్గరికి రాగానే షెడ్డు చుట్టూ యాప్ ఒక గీత గీస్తుందట. బండి గీత దాటితే ఓనరు ఫోను మోగుతుందట. దొంగల కోసం పెట్టి ఉంటారు.

జూన్ 10, మంగళవారం

పని తక్కువ. ఒక బ్యాటరీ మార్చాను.

ఆ అమ్మాయి చెప్పింది మళ్ళీ ఆలోచించాను. ఇదివరకు కంపెనీ బండి అమ్మేసి చేతులు దులుపుకునేది. తర్వాత దాని మంచిచెడ్డలు మావంటి వాళ్ళం చూసుకునేవాళ్ళం. ఇప్పుడు అమ్మిన తర్వాతే వ్యాపారం మొదలవుతోంది. పెద్ద కంపెనీలు సిమ్ లోపల పెట్టే అమ్ముతున్నాయి. మొదటి కొన్నేళ్ళు ఊరికే, తర్వాత కిరాయి. సోపతివంటి చిన్న కంపెనీలు పాత బండ్లకు బయటి నుంచి పెట్టె తగిలిస్తున్నాయి. దారి వేరైనా ఇద్దరికీ కావలసింది ఒకటే, బండి రోడ్డు మీదికి వచ్చాక చెప్పే కబుర్లు. ఆ కబుర్లు ఎవరి చేతిలో ఉంటే రేపు బండి వాళ్ళ షెడ్డుకే పోతుంది.

చేరకపోతే నా షెడ్డు ఇంకెన్నాళ్ళు ఉంటుందో తెలుసు. చేరాలి.

జూన్ 14, శనివారం

మాది రెండు గదులు. ముందు గదిలో అత్తమ్మ శ్యామలమ్మ మంచం, ఊర్మిళ కుట్టుమిషను. వెనక వంట, మా పడక. మధ్యలో తలుపు లేదు, తెర ఉంది. అత్తమ్మకు కళ్ళు మందగించాయి గానీ చెవులు నా స్కానర్ కంటే నయం.

ఇంట్లో నేను మాట్లాడను. కోపమేమీ కాదు. మూడో మనిషి వింటుంటే నాకు మాట పెగలదు, చిన్నప్పటి నుంచీ అంతే. ఊర్మిళకు తెలుసు. మేం మాట్లాడుకోవలసినవి ఎలాగూ ట్రయల్‌లో మాట్లాడుకుంటాం. ఇల్లు తినడానికి, పడుకోవడానికి. ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు.

జూన్ 19, గురువారం

సోపతి కాగితాల మీద సంతకం చేశాను. ప్రిసిల్లా లాగిన్ ఇచ్చింది. పసుపు దీపం బండాయన షోరూములో వారం తర్వాత రమ్మన్నారని మళ్ళీ నా దగ్గరికే వచ్చాడు. స్కానర్ తగిలించాను. ఈసారి గడగడా చెప్పింది. వెనక సెన్సర్ వైరును ఎలుక కొరికింది. అంతే.

చాలా రోజుల తర్వాత కిషన్‌కు నేనే చాయ్ చెప్పాను.

జూన్ 21, శనివారం

పెట్టె లేని పాత బండి. కాప్రా దాకా. గట్టు మీద వాన. అద్దాలు ఎత్తుకుని కూర్చున్నాం. ఊర్మిళ ఏదో చెప్పబోయి ఆగింది. "మల్ల చెప్తా, గిది జెర ఆలోచించి చెప్పే మాట" అంది. బండి వాన నీళ్ళలో కూడా బాగానే స్టార్ట్ అయింది.

జూన్ 24, మంగళవారం

పద్మారావు నగర్ పద్మనాభం గారి బండి వచ్చింది. బ్యాంకులో చేసి రిటైరైన మనిషి. మొదటి నుంచీ నా దగ్గరికే వస్తారు. ఇది ఆయన రెండో బండి. ఇన్సూరెన్స్ తగ్గుతుందని వాళ్ళబ్బాయి సోపతి పెట్టె పెట్టించాడట. ఏసీ పనిచేయడం లేదు. రిలే మార్చాను.

ఏసీకి దూరం ట్రయల్ తప్పదు. ట్రాఫిక్‌లో చూడాలి, ఖాళీ రోడ్డు మీద చూడాలి. కాప్రా దాకా పోయాం.

గట్టు దగ్గర ఇంజిన్ ఆపాక ఊర్మిళ నా వైపు తిరిగి కూర్చుంది. "కరీంనగర్ నుంచి అన్న ఫోన్ చేసిండు. అమ్మ గురించి. నువ్వు కోపం చెయ్యొద్దు..." అంటుండగా నా ఫోను మోగింది.

"ఏమయ్యా తిరుమల్," పద్మనాభం గారు. "నా కారు కాప్రా చెరువులో ఈతకు దిగిందా ఏమిటి? ఇక్కడ ఫోను ఎర్రగా అరుస్తోంది."

"ట్రయల్ సార్."

"ఏసీకి చెరువెందుకయ్యా?"

వస్తున్నానని పెట్టేశాను. వెంటనే బండి వెనక్కి తిప్పాను. ఆమె మాట సగంలో ఆగిపోయింది.

జూన్ 25, బుధవారం

పద్మనాభం గారు పొద్దున్నే వచ్చారు. కుర్చీ వేస్తే కూర్చోలేదు. ఫోను నా ముందు పట్టారు. దాంట్లో నా దారంతా నీలం గీతగా ఉంది. గట్టు దగ్గర ఒక చుక్క.

"పక్క సీటు బెల్టు కూడా పెట్టుకున్నట్టు చూపిస్తోంది. ఎవరు?"

"మా ఆవిడ సార్."

"ఎన్నాళ్ళ నుంచి?"

"పెళ్ళైనప్పటి నుంచి."

"అంటే నా పాత కారులో కూడానా?"

"దాంట్లోనే ఎక్కువ సార్. దాని సీటు మెత్తగుండేది."

ఎందుకు అలా అన్నానో తెలియదు. అన్నది నిజమే. ఆయన ముఖంలో నవ్వు లేదు.

"ఒక్క మాట అడక్కూడదటయ్యా? నేను కాదనేవాణ్ణా? యంత్రం చెప్తే గానీ నాకు తెలియకూడదా?"

తాళం తీసుకుని వెళ్ళిపోయారు. ఆయనను పిలిచి ఏదో చెప్పాల్సింది. అదే నాకు రాదు.

కిషన్ అంతా విన్నాడు. ఎప్పుడూ ఏదో ఒకటి అనేవాడు, ఇవాళ సుత్తి దెబ్బలు ఆపలేదు.

జూన్ 26

రెండు బండ్లు. రెండిటికీ పెట్టెలున్నాయి. ట్రయల్ గల్లీ చుట్టూ. సరిపోయింది.

జూన్ 27

గల్లీ చుట్టూ. సరిపోయింది. నిజానికి ఇంతకంటే దూరం ఎందుకూ అక్కర్లేదేమో.

జూన్ 28

ఇంటికి వచ్చేసరికి ఊర్మిళ చీర మార్చుకుని తల దువ్వుకుని కూర్చుంది. నేరుగా పోయి కాళ్ళు కడుక్కున్నాను. కాసేపటికి లేచి పాత చీర కట్టుకుని మిషను ముందు కూర్చుంది. అత్తమ్మ చూసింది. కళ్ళు మందగించాయని రాశాను గానీ, చూడవలసింది చూస్తుంది.

జూన్ 30

నాలుగు బండ్లు. మూడు సోపతి పంపినవి. పని బాగుంది.

జూలై 1

పని బాగుంది.

జూలై 3, గురువారం

అన్నం పెడుతూ "బండి ఎప్పుడు తీస్తవ్?" అంది ఊర్మిళ, అంత మెల్లగా.

"అన్నీ పెట్టె బండ్లే."

"పెట్టె లేని బండి ఒక్కటన్నా రాదా?"

తెర అవతల అత్తమ్మ దగ్గింది. మేం ఆపేశాం.

జూలై 5, శనివారం

పద్మనాభం గారు వచ్చారు. ఇక రారనుకున్నాను. ఈసారి కుర్చీలో కూర్చున్నారు, చాయ్ తాగుతానన్నారు. ఫోను తీశారు.

"ఇది చూశావా? ఈ సోపతివాడు నా డ్రైవింగుకు మార్కులేస్తున్నాడు. నాకు వందకు అరవై ఒకటి. బ్రేకు గట్టిగా తొక్కుతున్నానట, మలుపులు విసురుగా తిప్పుతున్నానట. ఈ వయసులో వీడిచేత చీవాట్లు. సరే, కిందికి చూడు. మొన్న నువ్వు కాప్రా పోయిన రోజు ఎంతో తెలుసా? తొంభై ఆరు!"

కిషన్ సుత్తి వదిలేసి వచ్చాడు. "అన్న, నువ్వు ఫస్ట్ క్లాస్‌ల పాసైనవ్!"

"అదే అంటున్నాను," అన్నారు పద్మనాభం గారు. "వారానికి రెండు రోజులు నువ్వే తిప్పిపెట్టు. మీ ఆవిణ్ణి కూర్చోబెట్టుకో. కాప్రా కాకపోతే కీసర దాకా పో, నాకేం. నా మార్కులు పెరుగుతాయి, ఇన్సూరెన్స్ తగ్గుతుంది, నీ షికారు నీకు. నేనే చెప్తున్నాను కదా, ఇక దొంగతనం ఏముంది?"

"ఇన్సూరెన్సోళ్ళు కొలిచేది మిమ్మల్ని కదా సార్."

"నన్ను కొలిస్తే వాళ్ళకేం వస్తుందయ్యా, చాదస్తం తప్ప!"

నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. ఆయన కోపం పోయినందుకు మనసు తేలికైంది. తాళం తీసుకున్నాను. ఓనరే ఇచ్చారు. తప్పేమీ లేదు.

జూలై 9, బుధవారం

పద్మనాభం గారి బండి. ఊర్మిళ పెసర రంగు చీర కట్టుకుంది. సీట్లో కూర్చోగానే స్టీరింగ్ కింద మెరిసే పచ్చటి చుక్క చూసింది.

"గిదేనా?"

"అదే."

"మాటలు సుత ఇంటదా?"

"వినదు. వేగం, బ్రేకు, దారి. అంతే."

"అంతేనా?" అంది. నమ్మలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, డాక్టరు గది బయట కూర్చున్నట్టు కూర్చుంది.

నేనూ అంతే. మౌలాలి దగ్గర ఒక ఆటో అడ్డం వస్తే బ్రేకు మెల్లగా తొక్కాలనే చూశాను తప్ప ఊర్మిళ ఏమందో వినలేదు. మలుపుల దగ్గర మార్కు పోతుందేమోనని లోపల లెక్క. కాప్రాలో గట్టు దగ్గర ఆపాను. ఇంజిన్ చల్లారే పనేమీ లేదు, బండికి ఏ జబ్బూ లేదు. ఎందుకు ఆపానో నాకే తెలియలేదు. చెరువు మీద కొంగలున్నాయి. "కొంగలు" అన్నాను. "అవును" అంది.

"కరీంనగర్ సంగతేదో చెప్పబోయినవ్."

ఆమె పచ్చ చుక్క వైపు చూసింది. "ఇంట్ల చెప్పలేను, ఈ బండిల చెప్పలేను. ఇంకేడ చెప్పాలె?"

తిరిగి వచ్చాం. రాత్రి పద్మనాభం గారు మెసేజి పెట్టారు. తొంభై ఎనిమిది. పక్కన చప్పట్లు కొట్టే చేతులు.

జూలై 10, గురువారం

పొద్దున్నే పద్మారావు నగర్ పోయి తాళం ఇచ్చేశాను.

"అదేమిటయ్యా, తొంభై ఎనిమిది తెచ్చి?"

"ఆ మార్కు నాది సార్. మీ పేరు మీద వేయించుకోలేను. మీరు నడపండి, నేను పక్కన కూర్చుంటాను. బ్రేకు సంగతి చెప్తా."

"నాకు నేర్పుతావా? నువ్వా?" తాళం జేబులో వేసుకున్నారు. "ఇంతసేపు నువ్వు మాట్లాడటం ఇదే మొదటిసారి చూడటం. ఆదివారం రా."

షెడ్డుకు వచ్చాక ప్రిసిల్లాకు ఫోన్ చేశాను. నా దగ్గరికి వచ్చే ప్రతి బండికీ, ఎంత దూరం ట్రయల్ పోతానో ముందే ఓనరు ఫోనులో రాసేలా పెట్టమన్నాను. "గిది మంచి ఐడియా అంకుల్, ఇంతవరకు ఏ షెడ్డోళ్ళు అడగలే" అంది. ఏసీకి ఐదు కిలోమీటర్లు, సెల్ఫ్ మోటారుకు రెండు, హెడ్‌లైటుకు గోడ. అలాగే రాయించాను.

హెడ్‌లైటు దగ్గర కిషన్ గుర్తొచ్చాడు. అతనికి మాత్రం చెప్పలేదు.

జూలై 11, శుక్రవారం

ఐదు బండ్లు. అన్నీ గల్లీ చుట్టూనే. వాన పడుతోంది. తొందరగా మూసేసి ఇంటికి వచ్చాను.

అత్తమ్మ మంచం మీద చిక్కుడుకాయలు ఒలుస్తోంది. ఊర్మిళ కింద కూర్చుని జాకెట్టుకు హుక్కులు కుడుతోంది. ఎప్పటిలా నేరుగా తెర అవతలికి పోబోయాను. పోలేదు. గోడకు ఆనుకుని అక్కడే కూర్చున్నాను.

"ఊర్మిళా. కరీంనగర్ నుంచి మీ అన్న ఏమన్నడు?"

సూది ఆగింది. ఊర్మిళ కళ్ళతో మంచం వైపు చూపించింది. అత్తమ్మ చిక్కుడుకాయ ఒలవడం ఆపి, మళ్ళీ మొదలుపెట్టింది.

"బండిల చెప్తా."

"బండ్లన్ని ఊరోళ్ళవి. ఇక్కడనే చెప్పు."

ఊర్మిళ మళ్ళీ రెండు హుక్కులు కుట్టింది. చివరకు హుక్కు వైపే చూస్తూ అంది. "అన్న అమ్మను తీస్కపోతా అంటుండు. నీకు తక్లీఫ్ అయితుందని."

"నాకా? ఎవరన్నరు?"

"ఎవరనాలె? ఇంట్లకొస్తే నోరిప్పవు. బయట బండిల మాత్రం ఒకటే ముచ్చట్లు. అమ్మనే అన్నది. నేనున్నందుకే అల్లుడు మాట్లాడ్తలేడు, నేను పోతే మంచిగుంటరు అని. అన్నకు ఫోన్ చేయించింది గూడ ఆమెనే. సంచి సుత సదురుకున్నది."

మంచం కింద చూశాను. నల్ల సంచి, నాడా బిగించి ఉంది. ఎన్ని రోజులుగా ఉందో. నాకు కనబడలేదు.

ఎవరికీ ఇబ్బంది లేదని రాసుకున్నాను.

అత్తమ్మ వైపు తిరిగాను. ఆమె మొహం చూసి మాట్లాడటం ఎప్పుడైనా చేశానా, గుర్తు లేదు.

"అత్తమ్మా, నువ్వెక్కడికీ పోవద్దు. నాకు నీతోటి ఏ తక్లీఫూ లేదు. నాకు మాట్లాడొస్తలేదంతే."

చిక్కుడు గింజలు ఆమె చేతిలోంచి గిన్నెలో పడుతున్నాయి. నేను ఇంకా చెప్పాను. ఏం చెప్పాలో తెలియక ఉన్నదంతా చెప్పాను. ప్రిసిల్లా దుమ్ములో గీసిన సున్నాలు, కిషన్ అన్న మాట, పద్మనాభం గారి అరవై ఒకటి, నా తొంభై ఎనిమిది, ఎలుక కొరికిన వైరు. ఊర్మిళ హుక్కులు వదిలేసి వింటోంది. మెత్తటి సీటు దగ్గరికి వచ్చేసరికి ముఖానికి జాకెట్టు అడ్డం పెట్టుకుని నవ్వింది. నేను ఆపలేదు. ఆపడం ఎలాగో తెలియలేదు.

అత్తమ్మ గిన్నె పక్కన పెట్టింది.

"ఊర్మిళా," అంది, "అల్లుని పెయ్యి కాలుతున్నదేమో చూడు బిడ్డా. గింత మాట్లాడ్తుండు."

ఊర్మిళ లేచి వచ్చి నా నుదుటి మీద చేయి పెట్టి చూసింది. వాళ్ళమ్మ ముందే. చేయి అంతసేపు ఉంచాల్సిన అవసరం లేదు.

"జెరం లేదమ్మా."

"లేకుంటె మాట్లాడనియ్యి," అని అత్తమ్మ మళ్ళీ చిక్కుడుకాయలు అందుకుంది.